బండి ముందు, లైసెన్సు వెనక: నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో నూరేళ్లు

నంద్యాలకు రైలు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే వచ్చింది. ఆళ్లగడ్డకు ఇప్పటికీ రాలేదు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలైంది గానీ, అది బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు సాగిపోయింది. ఆళ్లగడ్డకు దక్కింది రోడ్డే. ఒకప్పుడు పద్దెనిమిదో నంబరు, ఇప్పుడు నలభయ్యో నంబరు జాతీయ రహదారి అది. కర్నూలులో బయల్దేరి నంద్యాల, సిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి కడప మీదుగా చిత్తూరు వైపు పోతుంది. అహోబిలం వెళ్లే భక్తులు ఆ దారినే రావాలి. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు గడ్డిలో చుట్టుకుని ఆ దారినే పోవాలి. కుందూ ఒడ్డు వడ్లు, నల్లరేగడి పత్తి, బేతంచెర్ల నాపరాయి, సిమెంటు, అన్నీ చక్రాల మీదే కదలాలి.

అందుకే ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు కథను రవాణా శాఖ కథగా కాక బతుకుదెరువు కథగానే చదవాలి. పట్నాల్లో చాలామందికి అది పర్సులో పడి ఉండే గుర్తింపు కార్డు. ఈ దారి మీద బతికేవాడికి మాత్రం పొయ్యి వెలిగించే కాగితం. నూరేళ్లు వెనక్కి తిరిగి చూస్తే ఒక్క సంగతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఇక్కడ ముందు బండి వచ్చింది, తర్వాత దాన్ని నడిపేవాడు తయారయ్యాడు. అతనికి ఏ పేరుతో, ఏ తరగతి కింద అనుమతి ఇవ్వాలన్నది చట్టం ఎప్పుడూ ఆలస్యంగానే తేల్చుకుంది.

ఈ ఆలస్యం మన ఒక్కరి సొత్తు కాదు. మోటారు కారును పుట్టించిన కార్ల్ బెంజ్ కూడా 1888లో తన బండి తాను నడుపుకోవడానికి స్థానిక ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. పారిస్ పోలీసులు 1893లో నడిపేవారికి పరీక్ష పెట్టారు. బ్రిటన్ మాత్రం 1904 జనవరి నుంచి అయిదు షిల్లింగులు కడితే చాలు, లైసెన్సు చేతికిచ్చింది. నడపడం వచ్చా రాదా అని అడిగిన పాపాన పోలేదు. అందరికీ పరీక్ష తప్పనిసరి చేయడానికి అక్కడ 1935 దాకా ఆగారు. మనల్ని ఏలిన దొరల ఇంట్లోనే వ్యవహారం ఇలా ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఓ మూలనున్న కర్నూలు జిల్లా సంగతి వేరే చెప్పాలా?

దేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. లైసెన్సు లేనిదే బహిరంగ స్థలంలో మోటారు నడపకూడదు, పద్దెనిమిదేళ్లు నిండనివాడు ముట్టుకోకూడదు అంది. మిగతా నియమాలు రాసుకునే పని స్థానిక ప్రభుత్వాలకు వదిలింది. ఆ చట్టం వచ్చేనాటికి నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో రాజ్యం ఎద్దులబండిది. మోటారంటే కలెక్టరు దొర ఎప్పుడో క్యాంపుకొస్తే పిల్లలు వెంటపడి చూసే వింత. లైసెన్సు అనే మాట జనం నోట నానడానికి సర్వీసు బస్సులు రావాలి.

బస్సులు వచ్చాక డ్రైవరు ఎలా తయారయ్యేవాడో చూడాలి. అప్పట్లో బడి లేదు, పుస్తకం లేదు. బండే బడి. పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు క్లీనరుగా ఎక్కేవాడు. తెల్లవారుజామునే లేచి రేడియేటరులో నీళ్లు పోసి, ముందువైపు హ్యాండిల్ దూర్చి తిప్పేవాడు. తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే పెట్టుకోవాలి. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుందని మొదటిరోజే నేర్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరవై బొగ్గు గ్యాసు బస్సులు తిరిగిన కాలంలో క్లీనరు పని ఇంకా పెరిగింది. బస్సు వెనక పీపాలాంటి పొయ్యిలో బొగ్గు పోసి, చక్రం తిప్పి గాలి ఊది, గ్యాసు పుట్టేదాకా ఒళ్లు నల్లబడేలా నిలబడాలి. ఇలా ఏళ్లకేళ్లు సేవ చేశాక ఏ మధ్యాహ్నమో, ఖాళీ రోడ్డు మీద, డ్రైవరు మనసు బాగున్నప్పుడు స్టీరింగ్ చేతికొచ్చేది. లైసెన్సు ఆ తర్వాత ఎప్పుడో. గురువు ఒప్పుకున్నాడంటే సగం లైసెన్సు వచ్చినట్టే.

1939 చట్టం ఈ వ్యవహారాన్ని ఒక పద్ధతిలో పెట్టింది. మోటారు సైకిలు, మోటారు కారు, రవాణా బండి అంటూ తరగతులు విడదీసి లైసెన్సు మీద రాయడం మొదలైంది. బతుకుదెరువుకు బండి తోలేవాడు వేరు, సొంతానికి తోలుకునేవాడు వేరన్న గీత అప్పుడే పడింది. మన జనానికి ఆ చట్టం ఇచ్చిన గొప్ప పాత్ర ఇంకొకటుంది, ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’. ఆయన హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అని కాగితాల్లో ఉంటుంది. జనానికి మాత్రం ఆయన బ్రేకులు పరీక్షించే మనిషి. బస్సు ఎక్కి పక్కన కూర్చుని, నడుస్తుండగా ‘బ్రేకెయ్’ అనేవాడు. బండి ఎంత దూరంలో ఆగిందో, ఏ వైపు లాగిందో చూసి తలూపేవాడు. ఆ తలూపులోనే బండి ఫిట్‌నెస్సూ, డ్రైవరు భవిష్యత్తూ తేలిపోయేవి.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు మూడేళ్లపాటు ఈ జిల్లా రోడ్లకు గిరాకీ వచ్చింది. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడింది. ఆపైన ప్రైవేటు బస్సుల రూట్లను జిల్లాల వారీగా సంస్థ చేతిలోకి తీసుకోవడం మొదలైంది. ఇక్కడే కర్నూలు జిల్లా దేశ న్యాయచరిత్రలోకెక్కింది. జిల్లా పశ్చిమ భాగంలోని రూట్లను ముందుగా జాతీయం చేయడం వెనక రాజకీయ కక్ష ఉందని బస్సు యజమానులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. ‘సి.ఎస్. రౌజీ’ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1964లో తీర్పు వచ్చింది. ఆరోపణలు ముఖ్యమంత్రి మీద ఉన్నా, ఆయన వాటిని ఖండిస్తూ అఫిడవిట్ వేయలేదని కోర్టు తప్పుపట్టింది, పథకాన్ని కొట్టేసింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. బస్సు రూటు గొడవ మీద కుర్చీ దిగిన ముఖ్యమంత్రి మరొకరు ఉన్నారేమో వెతకాలి. అదే సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, స్పీకరై, ఆ ఏడే రాష్ట్రపతి కావడం ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట.

ఆ తీర్పుతో జాతీయకరణ ఆగలేదు, మెల్లగా సాగింది. నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ ఆర్టీసీ డిపోలు వచ్చాయి. దాంతో హెవీ లైసెన్సు విలువ ఒక్కసారిగా మారిపోయింది. అంతకుముందు అది ఏదో ఒక యజమాని దగ్గర రోజుకూలి. ఇప్పుడది ఖాకీ చొక్కా, నెల జీతం, పింఛను మీద ఆశ. పెళ్లిసంబంధాల్లో ‘అబ్బాయికి హెవీ ఉంది’ అనే మాటకు బరువొచ్చింది. ఎకరాల లెక్క అడిగే మామగారు కూడా ఆ మాట విని కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశాక ఆ బరువు మరికాస్త పెరిగింది.

ఆ కాలపు లైసెన్సు ఒక పుస్తకం. అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం, మందపాటి అట్ట. లోపల అతికించిన నలుపు తెలుపు ఫొటో, దాని అంచు మీదుగా సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా కొట్టిన గుండ్రని ముద్ర. తరువాతి పేజీల్లో చేత్తో రాసిన తరగతులు, వాటి కింద రెన్యువల్ తేదీలు వరసగా. ఒక్కో తేదీ పక్కన ఒక్కో అధికారి సంతకం, ఒక్కో రంగు సిరా. లారీ డ్రైవరు చొక్కా జేబులో చెమటకు తడిసి, ఎండకు ఎండి, అట్ట మెత్తబడి, మడతల దగ్గర చిరిగి ఉండేది. చాలామంది దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి సీటు కింద పెట్టేవారు. ఆ తేదీల వరస చదివితే ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా కనబడుతుంది. ఇప్పటి కార్డు దీనికన్నా గట్టిది, శుభ్రమైనది. కానీ అలాంటి చరిత్ర దాని మీద కనబడదు. ఆ మేరకు నాకు పుస్తకమే ఇష్టం.

1989 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, పార్లమెంటు 1988లో చేసినది. ఇప్పుడు మనమంతా వల్లించే పద్ధతులు దీనివే. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవారి లైసెన్సు, దాని గడువు ఆరు నెలలు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి ముప్ఫై రోజులైనా గడిస్తేనే అసలు పరీక్ష. గేర్లు లేని మోటారు సైకిలు, గేర్లున్నది, కారు జాతి తేలికపాటి బండి, మధ్యతరహా, భారీ అని విడివిడిగా తరగతులు. రోడ్డు రోలరుకు వేరే తరగతి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది గానీ, తారు రోడ్డు పనుల్లో ఊరూరా తిరిగే రోలరు డ్రైవరుకు అది నవ్వులాట కాదు. రవాణా బండి లైసెన్సుకు ఇరవయ్యేళ్లు నిండాలి, అంతకు ముందు తేలికపాటి బండి లైసెన్సు ఏడాదైనా ఉండాలి. 1994 సవరణ మధ్యతరహా, భారీ తరగతులను కలిపి ‘రవాణా వాహనం’ అన్న ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. ఆ గొడుగు కింద ఎవరు నిలబడాలి, ఎవరికి అక్కర్లేదు అన్న తగాదా తరువాత ముప్ఫయ్యేళ్లు నడిచింది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

పదహారేళ్లవారికి ఇచ్చే లైసెన్సు కూడా ఆ చట్టంలోనే ఉంది. గేరు లేకుండా, ఇంజను యాభై సీసీ దాటని బండికే అది చెల్లుతుంది. లూనా లాంటి మోపెడ్లు పాల క్యాన్లు మోస్తూ పల్లెపల్లెనా తిరిగే రోజుల్లో ఆ నిబంధనకు అర్థం ఉండేది. ఇప్పుడు బజార్లో దొరికే స్కూటర్లు నూరు సీసీ పైమాటే. ‘మా వాడికి పదహారు నిండాయి, గేరు లేని బండికి లైసెన్సు ఇస్తారుగా’ అని స్కూటీ తాళాలు చేతికిచ్చే తండ్రులకు ఈ యాభై సీసీ ముక్క తెలియదు. తెలియకపోతే ఎంత నష్టమో 2019 సవరణలో ఉంది. పిల్లవాడు దొరికితే తండ్రికిగానీ బండి యజమానికిగానీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు నాస్తి.

పరీక్షంటే ఈ ప్రాంతంలో గుర్తొచ్చేది ‘ఎనిమిది వేయడం’. నేల మీద అంకె గీసి ఉంటుంది, దాని మీద మోటారు సైకిలు నడపాలి. కాలు కింద ఆనకూడదు, గీత దాటకూడదు. పొలాల గట్ల మీద ఒంటిచేత్తో బండి నడిపే కుర్రాడు అక్కడికొచ్చేసరికి బిగుసుకుపోతాడు. వేగం తగ్గిస్తే బండి తూలుతుంది, పెంచితే గీత దాటుతుంది. హాఫ్ క్లచ్ పట్టుకుని, చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు చివర పెట్టాలన్న కిటుకు ఎవరో ఒకరు చెవిలో చెప్పేదాకా తిప్పలే. ఇక ఎక్కడి ఆర్టీవో ఆఫీసు ముందు చూసినా ఏజెంట్లుంటారు. వాళ్లు లేకపోతే పని కాదని జనం నమ్మకం. ఆ నమ్మకంలో సగం ఫారాలు పుట్టించినదే. ఇదివరకు ఆరోగ్య ప్రకటనకు ఒకటో నంబరు ఫారం, డాక్టరు సర్టిఫికెటుకు 1ఎ, ఎల్‌ఎల్‌ఆర్‌కు రెండు, లైసెన్సుకు నాలుగు, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెటుకు అయిదు, మరో తరగతి చేర్పించుకోవాలంటే ఎనిమిది, రెన్యువల్‌కు తొమ్మిది. ఎకరం సేద్యం చేసే మనిషిని ఇవన్నీ గుర్తుపెట్టుకోమనడం అన్యాయం. దానికితోడు ఎవరు ఏ అధికారి పరిధిలో ఉంటారో అక్కడికే వెళ్లాలన్న షరతు చాలాకాలం ఉండేది. రాష్ట్రంలో ఏ లైసెన్సు కార్యాలయంలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని అన్నది 2019 సవరణ.

ఇప్పుడు ఆ గొడుగు తగాదా. ట్రాక్టరుతో మొదలుపెడదాం, ఎందుకంటే నంద్యాల సీమలో ట్రాక్టరు లేని వీధి తక్కువ. ట్రాక్టరు లైసెన్సున్నవాడు వెనక ట్రాలీ తగిలించుకుని సరుకు వేశాడనుకోండి. అతను నడుపుతున్నది ట్రాక్టరా, సరుకు బండా? ప్రమాదం జరిగేదాకా ఈ ప్రశ్న ఎవరికీ రాదు. జరిగాక బీమా కంపెనీకి మొదట గుర్తొచ్చేది ఇదే. 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు, ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని చెప్పింది. ఇక ఆటోలు, టాటా ఏస్‌లు, తుఫాన్ జీపులు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి, నంద్యాల నుంచి మహానందికి జనాన్ని చేరవేసేవి ఇవే. వీటిని నడిపేవారికి బ్యాడ్జి ఉండాలా, తేలికపాటి బండి లైసెన్సు మీద వేరే ‘ట్రాన్స్‌పోర్టు’ ముద్ర పడాలా అన్నది ఎన్ని కుటుంబాలను కోర్టుల చుట్టూ తిప్పిందో. ప్రమాదంలో పోయిన మనిషి భార్యకు పరిహారం రావాలి. డ్రైవరుకు ముద్ర లేదంటూ బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆ భారమంతా అప్పుచేసి ఆటో కొన్నవాడి నెత్తిన పడుతుంది. 2017 జులైలో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు, 7,500 కిలోలు దాటని రవాణా బండికి తేలికపాటి లైసెన్సు చాలన్నారు. దాని మీద మళ్లీ సందేహాలు లేచాయి. చివరికి 2024 నవంబరు 6న రంభాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. గీత 7,500 కిలోల దగ్గర పడింది. లారీలు, బస్సులు దానికవతల, ఆటోలు, చిన్న ట్రక్కులు దానికివతల. ఇంత తేలిక మాటకు 1994 నుంచి 2024 దాకా పట్టింది.

చదువు షరతు మరో ముచ్చట. 2007లో రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్నారు. బోర్డులు చదవలేనివాడు లారీ ఎలా తోలుతాడన్నది వాదన. వాదనగా బాగానే ఉంది. కానీ రాయలసీమలో కరవు ఏళ్లలో బడి మానేసి క్లీనరుగా ఎక్కిన పిల్లలే తరువాత గొప్ప డ్రైవర్లయ్యారు. నల్లమల ఘాట్‌లో గిద్దలూరు దారి మలుపులు రాత్రిపూట వాళ్లకు కంఠతా వచ్చు. చేతిలో పని ఉన్నా టీసీ లేక లైసెన్సు రానివారు చాలామంది. కొందరు దొంగ సర్టిఫికెట్ల దారి పట్టారు. పన్నెండేళ్ల తరువాత, 2019లో కేంద్రం ఆ షరతు ఎత్తేసింది. ఎత్తేయడం మంచిపనే. అసలు కావాల్సింది చదువు కాగితం కన్నా చూపు, నైపుణ్యం, నిద్ర.

ఈ దారి మీద నైపుణ్యానికీ అందని ప్రమాదాలున్నాయి. 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తున్న ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి కారు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పల దగ్గర అదుపు తప్పి బోల్తాపడింది. మరునాడు ఆమె మరణించారు. ఆ తరువాత జరిగిన పోలింగులో ఆళ్లగడ్డ ఓటర్లు ఆమెనే గెలిపించారు. కోత కాలంలో సగం రోడ్డు కళ్లమైపోవడం, రాశి చుట్టూ రాళ్లు పేర్చడం, చీకట్లో దానికో దీపమైనా లేకపోవడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతులే. పరీక్షలో ఎనిమిది వేయిస్తారు, చేతి సంకేతాలు అడుగుతారు. వడ్ల కుప్ప గురించి ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు. అరవై శాతం మార్కులు తెచ్చుకుని ఎల్‌ఎల్‌ఆర్ పుచ్చుకున్న పిల్లలకు ఈ దారి ఇచ్చే మొదటి పాఠం మాత్రం అదే.

గత ఏడెనిమిదేళ్లలో మార్పులు వరదలా వచ్చాయి. 2018లో డిజిలాకర్‌లోని లైసెన్సు చూపినా చెల్లుతుందని కేంద్రం నిబంధన మార్చింది. 2019లో జిల్లాకో బండి నంబరు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. అప్పటిదాకా కర్నూలు జిల్లా నంబరు ఏపీ 21 చూడగానే, హైదరాబాదు సిగ్నల్ దగ్గరైనా సరే, మనోడే అనుకుని అద్దం దించి పలకరించేవారు. కొవిడ్ వచ్చింది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన కాగితాలన్నీ చెల్లుతాయంటూ పొడిగింపు మీద పొడిగింపు ఇచ్చి 2021 అక్టోబరు 31 దాకా లాగారు. ఆ మధ్యలోనే, 2021 మార్చిలో, ఆధార్‌తో ఇంటి నుంచే ఎల్‌ఎల్‌ఆర్, రెన్యువల్ లాంటి పద్దెనిమిది సేవలు పొందే వీలు కల్పించారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కర్నూలు నుంచి విడిపోయి జిల్లా అయింది.

ఆన్‌లైన్ వల్ల కుర్రాళ్లకు సుఖమే. చిక్కు పాత పుస్తకాల వాళ్లకు. ఆఫీసు రిజిస్టరులో చేత్తో రాసిన వివరాలు కంప్యూటరులోకి ఎక్కితేగానీ రెన్యువల్ ముందుకు జరగదు. పుస్తకంలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటుంది. పుట్టిన తేదీ చాలామందికి బడిలో అయ్యవారు వేసిందే, అదీ జులై ఒకటి. అలాంటి డ్రైవరుకు ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుందో కూడా తెలియదు. ఎప్పుడో కొడుకు నంబరు ఇచ్చి ఉంటాడు, కొడుకు బెంగుళూరులో ఉంటాడు. ఏజెంటు పోయాడనుకున్నాం. నెట్ సెంటరులో కూర్చున్నాడు.

రెన్యువల్ లెక్కలు కూడా 2019 సెప్టెంబరు 1 నుంచి మారాయి, ఇంకా చాలామంది పాత లెక్కలోనే ఉన్నారు. సొంత బండి లైసెన్సు ఇదివరకు ఇరవై ఏళ్లకో, యాభై ఏళ్లు నిండేదాకానో, ఏది ముందైతే అది. ఇప్పుడు ముప్ఫై లోపు తీసుకున్నవారికి నలభై నిండేదాకా, ముప్ఫై నుంచి యాభై లోపు వారికి పదేళ్లు, యాభై నుంచి యాభై అయిదు లోపు వారికి అరవై నిండేదాకా, ఆపైన అయిదేళ్లకోసారి. రవాణా లైసెన్సుకు మూడేళ్ల గడువు అయిదేళ్లయింది, డ్రైవర్లకు ఇది నిజమైన ఊరట. గ్యాసు, పెట్రోలు ట్యాంకర్లు నడిపేవారికి ఏడాది బదులు మూడేళ్లు, కాకపోతే ఒకరోజు పునశ్చరణ శిక్షణ తప్పదు. నలభై దాటినవారు, రవాణా బండ్లవారు డాక్టరు సంతకంతో 1ఎ తేవాలి. కంటిచూపు సంగతి తేలేది అక్కడే. లారీవాళ్లు చాలామంది కళ్లజోడు పెట్టుకోవడం పరువు తక్కువనుకుని ఆ సంతకాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీరాక ఏడాది దాకా పరీక్ష లేకుండా ఇస్తారు. ఆ ఏడాదీ దాటితే పండిన డ్రైవరైనా మళ్లీ పరీక్షకు నిలబడాల్సిందే. ఒకప్పుడు దీనికి అయిదేళ్ల వెసులుబాటు ఉండేది. గడువు ముగిసినా ముప్ఫై రోజులు చెల్లుతుందన్న పాత నిబంధన కూడా తీసేశారు. ‘నెలరోజులు టైముందిలే’ అని ఆ భరోసాతోనే సీజన్లో లారీ ఎక్కుతున్నవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ నెలలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ వకీలు మొదట చూసేది తేదీనే. లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణకు ముందు 500 రూపాయల జరిమానా, ఇప్పుడు 5,000.